బ్లూగ్రాస్ కచేరీలో చెవి ఎక్కడ నిలపాలి

అమెరికా ఆగ్నేయ ప్రాంతపు కొండపల్లెల పాటల్లోంచి ఎదిగిన బ్లూగ్రాస్ సంగీతాన్ని ఎదురుగా కూర్చుని వినేటప్పుడు శ్రోత తన చెవిని ఎక్కడ నిలపాలన్నది ఈనాటి ప్రసంగ విషయం. ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. కాని నలుగురైదుగురు విద్వాంసులు, డోలు గాని డప్పు గాని లేకుండా, కేవలం తీగవాద్యాలతో, మంచి వేగం మీద, అందరూ ఒక్కసారిగా వాయించే ఈ కచేరీకి కొత్తగా వెళ్ళినవారికి తొలి రెండు మూడు పాటలూ ఎవరు ఏమి వాయిస్తున్నారో అంతుపట్టని హోరుగానే తోస్తాయి. ఆ హోరు విడివడి సంగీతంగా వినిపించాలంటే ఒక ఉపాయం ఉంది. ముందుకు వచ్చి వాయిస్తున్నవారిని కంటితో చూడాలి. వెనక్కి తగ్గి వాయిస్తున్నవారిని చెవితో వినాలి. ఈ ఒక్క మాటే ఈ ప్రసంగంలో వేరువేరు చోట్ల మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ముందుగా ఈ సంగీతం ఎక్కడిదో కొంత తెలియాలి. కెంటకీ రాష్ట్రంలోని రోజీన్ అనే చిన్న ఊళ్ళో 1911లో పుట్టిన బిల్ మన్రో అనే మాండొలిన్ విద్వాంసుడు, బ్లూగ్రాస్ రాష్ట్రమని వాడుకలో ఉన్న తన సొంత రాష్ట్రం మీది మమకారంతో తన బృందానికి బ్లూ గ్రాస్ బాయ్స్ అని పేరు పెట్టుకున్నారు. 1939లో ఆ బృందం నాష్‌విల్ నగరంలోని గ్రాండ్ ఓల్ ఆప్రీ కార్యక్రమంలో చేరింది. ఆప్రీ అన్నది డబ్ల్యూఎస్ఎం అనే రేడియో కేంద్రం 1925లో మొదలుపెట్టిన శనివారపు రాత్రి సంగీత ప్రసారం. ఆ ప్రసారం ద్వారానే మన్రో పాట దూరదూరపు పల్లెల్లోని ఇళ్ళకు చేరింది కనుక, రేడియోలో పెరిగిన సంగీతాన్ని గురించి రేడియోలో చెప్పుకోవడం సముచితమే.

1945లో మన్రో బృందంలోకి ఇద్దరు కొత్తవారు వచ్చారు. ఒకరు గిటారు వాయిస్తూ ప్రధాన గాత్రం పాడే లెస్టర్ ఫ్లాట్. మరొకరు, ఆ ఏడు డిసెంబరులో చేరిన ఇరవై ఒక్క ఏళ్ళ బాంజో వాద్యకారుడు ఎర్ల్ స్క్రగ్స్. ఫిడేలు మీద చబ్బీ వైజ్, డబుల్ బాస్ మీద హోవర్డ్ వాట్స్ ఉండగా ఈ అయిదుగురూ 1946, 1947 సంవత్సరాల్లో కొలంబియా సంస్థకు ఇచ్చిన రికార్డులలోనే ఈ సంగీతానికి ఒక స్థిరమైన రూపం ఏర్పడిందని చరిత్రకారులు చాలామంది భావిస్తారు. ఫ్లాట్, స్క్రగ్స్ 1948లో బయటికి వచ్చి సొంత బృందం పెట్టుకోవడం, మన్రో దాన్ని చాలాకాలం మనసులో పెట్టుకోవడం వేరే కథ. బృందం చీలినా రూపం మాత్రం నిలిచింది. మాండొలిన్, బాంజో, ఫిడేలు, గిటారు, బాస్ అన్న ఆ అయిదు వాద్యాల పొందికే నేటికీ చాలా బృందాల్లో కనిపిస్తుంది.

ఈ అయిదింటిలో తాళవాద్యం లేదన్నది శ్రోతలు గుర్తుంచుకోవలసిన విషయం. మరి కాలప్రమాణాన్ని ఎవరు నిలబెడుతున్నారు? ఇద్దరు పంచుకుంటున్నారు. నాలుగు దెబ్బల ఆవర్తంలో మొదటి దెబ్బను, మూడవ దెబ్బను డబుల్ బాస్ మంద్రంగా మోగిస్తుంది. రెండవదాన్ని, నాలుగవదాన్ని మాండొలిన్ కొడుతుంది. మాండొలిన్ కొట్టే ఆ దెబ్బను వాద్యకారులు చాప్ అంటారు. కుడిచేతిలోని పిక్ అనే చిన్న పలకతో తీగలన్నిటినీ ఒక్క ఊపున కొట్టి, మరుక్షణంలోనే ఎడమచేతి వేళ్ళను తీగల మీదినుంచి ఎత్తకుండా పట్టు మాత్రం సడలిస్తే, మోగబోయిన స్వరం అక్కడికక్కడే తెగి, చక్ అన్న పొడి శబ్దం ఒక్కటే మిగులుతుంది. దగ్గరి వరసలో కూర్చున్నవారు ఎడమచేతిని గమనిస్తే వేళ్ళు తీగలను అంటిపెట్టుకునే ఉండి, బిగిసి సడలడం స్పష్టంగా కనిపిస్తుంది. పాట ఎంత వేగంగా నడిచినా, పైన ఎవరు ఎన్ని విన్యాసాలు చేసినా, ఈ చక్ అన్న దెబ్బ తన చోటు తప్పదు. కొత్త శ్రోత చెవిని మొదట నిలపవలసింది ఇక్కడే.

తెలుగు శ్రోతలకు ఇక్కడ ఒక విచిత్రం తోచక మానదు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ చేతుల్లో మాండొలిన్ అంటే ఏమిటో తెలుగు నేల అంతటికీ తెలుసు. ఆయన తన విద్యుత్ మాండొలిన్ మీద గమకాలు పలికించి, కృతిని గాత్రంలాగా సాగదీసి, ఆ వాద్యాన్ని కర్ణాటక కచేరీకి ప్రధాన వాద్యం చేశారు. బ్లూగ్రాస్ మాండొలిన్ సైతం ఆ వంశానిదే. దానికి జంటజంటగా ఎనిమిది తీగలు ఉంటాయి, శ్రుతి పాశ్చాత్య వయొలిన్ శ్రుతే. కాని ఆ వాద్యం పాటలో ఎక్కువభాగం స్వరాన్ని సాగదీయడానికి బదులు తుంచివేస్తూ, రాగాన్ని పాడడానికి బదులు కాలాన్ని కొలుస్తూ గడుపుతుంది. ఒక విద్వాంసుడు తన వాద్యానికున్న తీయదనాన్ని అంతసేపు దాచి ఉంచడం సామాన్యమైన నిగ్రహం కాదు. మన్రో వాయించిన గిబ్సన్ ఎఫ్-5 మాండొలిన్ 1923 నాటిది; నేటి బ్లూగ్రాస్ మాండొలిన్‌లలో చాలావాటికి ఒరవడి ఆ నమూనాయే. దాని గొప్పతనాన్ని చెప్పేటప్పుడు వాద్యకారులు స్వరమాధుర్యంతో పాటు ఈ చాప్‌లోని పదునును కూడా తప్పక లెక్కలోకి తీసుకుంటారు.

పాట నడిచే తీరు ఇప్పుడు చూడాలి. ఎవరో ఒకరు, ఎక్కువగా ఫిడేలుగాని బాంజోగాని, పల్లవి వరసను వాయించి పాటను ఎత్తుకుంటారు. గాయకుడు ఒక చరణం పాడతాడు. తరువాత పల్లవిలో మరో ఇద్దరు గొంతు కలుపుతారు. అది ముగియగానే ఒక వాద్యకారుడు ముందుకు వచ్చి, పాట వరసను తన మనోధర్మం ప్రకారం పెంచి, మలచి వాయిస్తాడు. దీన్ని బ్రేక్ అంటారు. మళ్ళీ చరణం, మళ్ళీ పల్లవి, మళ్ళీ మరొకరి బ్రేక్. ఒక్కొక్క బ్రేక్ చరణమంత నిడివిలో, అర నిమిషం లోపే ముగుస్తుంది. మిగిలినవారు ఆ సమయంలో చేసే పనికి బ్యాకప్ అని పేరు. కచేరీకి వచ్చినవారందరూ బ్రేక్‌ను వింటారు, బ్రేక్‌కే చప్పట్లు కొడతారు. అది న్యాయమే. అయితే అరగంట సేపు జరిగే కచేరీలో ఏ వాద్యకారుడైనా బ్రేక్ వాయించేది కొద్ది నిమిషాలు. మిగిలిన కాలమంతా అతడు చేసేది బ్యాకప్పే. కాబట్టి విద్వత్తును తూచవలసింది ఎక్కువ కాలం జరిగే పనిలో. మరోసారి చెప్పుకుంటే, ముందున్నవారిని చూడాలి, వెనకున్నవారిని వినాలి.

ఈ మాటను బాంజో విషయంలో పరీక్షించి చూడవచ్చు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన ప్రజల వాద్య సంప్రదాయంలోంచి పుట్టిన బాంజోకు బ్లూగ్రాస్‌లో అయిదు తీగలు ఉంటాయి. అందులో అయిదవది పొట్టిది. దాని బిరడా మెడ మధ్యలో ఉంటుంది. పొర బిగించిన గుండ్రటి ముఖం, దాని చుట్టూ లోహపు కట్టు ఉండడం వల్ల శబ్దం ఖణేల్‌మంటుంది. ఉత్తర కరోలినాలో మూడు వేళ్ళతో బాంజో వాయించే పద్ధతి ముందునుంచీ ఉన్నా, దానికి ఒరవడిని, వేగాన్ని, స్పష్టతను ఇచ్చినవారు స్క్రగ్స్. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు ఒకదాని వెంట ఒకటి తీగలను మీటుతూ ఎడతెగకుండా తిరిగే ఆ వరసను రోల్ అంటారు. ఆవర్తానికి ఎనిమిది స్వరాలు ఉండగా, వేళ్ళు మూడు కాబట్టి, ఎనిమిది స్వరాలు మూడు, మూడు, రెండుగా విరుగుతాయి. కర్ణాటక సంగీతం విన్న చెవికి దీన్ని తకిట తకిట తక అని చెబితే చాలు, ఇక వివరణ అక్కరలేదు. బాస్, మాండొలిన్ సమంగా కొట్టే దెబ్బల మీదుగా ఈ తకిట తకిట తక పరుగెత్తడం వల్లనే బ్లూగ్రాస్‌కు ఆ ఉరుకు వచ్చింది. స్క్రగ్స్ సృష్టించిన ఫాగీ మౌంటెన్ బ్రేక్‌డౌన్ అనే వాద్యఖండం 1949లో రికార్డయి, 1967 నాటి బానీ అండ్ క్లైడ్ సినిమాతో లోకమంతా మోగింది.

అంతటి మోతగల బాంజో, గాయకుడు పాడుతున్నప్పుడు ఏమి చేస్తుందో వినాలి. మంచి బాంజో వాద్యకారుడు మాట పలుకుతున్నంతసేపూ తగ్గి ఉండి, గాయకుడు ఊపిరి తీసుకునే ఖాళీలో మాత్రం నాలుగు స్వరాలు చిలకరించి, తరువాతి మాట మొదలయ్యేలోపు తప్పుకుంటాడు. గిటారు కూడా అంతే. పాదం ముగిసేచోట మంద్ర తీగల మీద కింది నుంచి పైకి చకచకా ఎక్కి ఆగే చిన్న పలుకు ఒకటి తరచుగా వినిపిస్తుంది. జి రన్ అనే ఈ పలుకు ఫ్లాట్ గిటారుకు ముద్రగా మారింది. వాక్యం చివర చుక్క పెట్టే పని దానిది.

ఇక వేదిక సంగతి. నాష్‌విల్‌లో రైమన్ ఆడిటోరియం అనే భవనం 1892లో ప్రార్థనా మందిరంగా మొదలై, 1943 నుంచి 1974 వరకు ఆప్రీకి నిలయంగా ఉంది. నేటికీ శ్రోతలు అక్కడ చర్చిలోని పొడవాటి చెక్క బల్లల మీదనే కూర్చుంటారు. వేసవి వచ్చిందంటే అక్కడ బ్లూగ్రాస్ కచేరీలు వరసగా జరుగుతాయి. తొలినాటి రేడియో వేదికల మీద బృందానికంతటికీ ఒకే మైక్ ఉండేది. తరువాత వాద్యానికొక మైక్, గొంతుకొక మైక్ వచ్చాయి. 1990ల నుంచి డెల్ మెకూరీ బృందం పాత పద్ధతిని మళ్ళీ వేదిక మీదికి తెచ్చింది. 1939లో పుట్టిన డెల్ మెకూరీ 1963లో మన్రో బృందంలో గిటారు వాయిస్తూ ప్రధాన గాత్రం పాడినవారు. ఆయన కుమారులలో రానీ మాండొలిన్, రాబ్ బాంజో వాయిస్తారు. సూటు వేసుకుని, నెరిసిన జుట్టును నున్నగా దువ్వుకుని నిలబడి, ఏ పాట కావాలో చెప్పమని సభను అడిగి, ఎవరో కేకవేసిన పాటను అప్పటికప్పుడు ఎత్తుకోవడం ఆయన కచేరీలో మామూలు.

ఒకే మైక్ ఉన్నచోట శబ్దాన్ని పెంచడం, తగ్గించడం యంత్రం చేతిలో ఉండదు. వాద్యకారుల అడుగుల్లో ఉంటుంది. బ్రేక్ వాయించేవారు మైక్‌కు జానెడు దూరం వరకు వస్తారు. ముగియబోతుండగానే వెనక్కి జరుగుతారు. ఆ ఖాళీలోకి గాయకుడు వస్తాడు. పెళ్ళివారి పంక్తి భోజనంలో రెండు వరసల విస్తళ్ళ మధ్య ఇరుకు దారిలో పప్పు వడ్డించేవారు, పులుసు వడ్డించేవారు, నెయ్యి పోసేవారు ఒకరినొకరు తాకకుండా, ఆగకుండా, ఒకరు తప్పుకున్న చోటికి మరొకరు వస్తూ పోయే తీరును చూసినవారికి ఈ కదలిక వెంటనే అర్థమవుతుంది. ఇక్కడ మెలకువంతా తప్పుకోవడంలో ఉంది. ఫిడేలు కమాను పక్కవారి కంటికి తగలకూడదు, బాంజో మెడ గిటారుకు గుద్దుకోకూడదు, అన్నిటికీ మించి వెనక్కి జరిగేటప్పుడు చేతిలోని దెబ్బ తప్పకూడదు. కొత్త శ్రోతకు ఒకే మైక్ కచేరీ కన్నా మంచి పాఠశాల లేదు. ఎవరిని చూడాలో, ఎవరిని వినాలో అక్కడ కంటికే తెలిసిపోతుంది.

ఈ సంగీతంలో బ్యాకప్‌కు అసలైన పరీక్ష గిటారు బ్రేక్. అయిదు వాద్యాల్లో మోత తక్కువగా ఉండేవాటిలో గిటారు ఒకటి. తొలిరోజుల్లో అది తాళానికి తోడుగానే ఎక్కువగా ఉండేది. డాక్ వాట్సన్, క్లారెన్స్ వైట్, ఆ తరువాత టోనీ రైస్ వంటివారు ఒక్క పలకతో ఒక్కొక్క తీగను మీటి, ఫిడేలుతో సమానంగా పాటను నడిపించే విద్యను పెంచారు. 2020లో మరణించిన టోనీ రైస్ వాయించిన 1935 నాటి మార్టిన్ గిటారు అంతకుముందు క్లారెన్స్ వైట్‌ది. అటువంటి గిటారు బ్రేక్ మొదలైన క్షణాన మిగిలిన నలుగురినీ వినాలి. బాంజో రోల్ ఆగిపోయి, మాండొలిన్ చాప్‌తో కలిసి పొట్టి దెబ్బలుగా మారుతుంది. చాప్ కూడా సగానికి సగం తగ్గుతుంది. ఫిడేలు దాదాపు మాయమవుతుంది. అయినా వేగం వెంట్రుకవాసి తగ్గదు. శబ్దం తగ్గించినప్పుడు కాలం కూడా జారిపోవడం మానవ స్వభావం. దాన్ని జారనివ్వనివారే పెద్ద విద్వాంసులు. వెనక్కి తగ్గినవారిని వినాలని ఇంతసేపూ చెప్పిన మాటకు ఇంతకన్నా మంచి నిదర్శనం దొరకదు.

గొంతుల విషయంలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. ఒకే వరసను అందరూ కలిసి పాడే భజన పద్ధతికి అలవాటుపడిన చెవికి, పల్లవిలో ముగ్గురు మూడు వేరువేరు స్వరాలు పాడడం కొత్తగా ఉంటుంది. పాట అసలు వరసను పాడేది లీడ్. దానికి పైస్థాయిలో పాడేది టెనర్. కింద ఉండి మిగిలిన స్వరాన్ని పూరించేది బారిటోన్. మన్రో గొంతులోని పదునైన తారస్థాయి వల్ల బ్లూగ్రాస్‌లో చెవి సహజంగా టెనర్ వైపే పోతుంది. అయితే బారిటోన్ వరస ఒంటరిగా పాడితే పాటలాగానే ఉండదు. ఎక్కడెక్కడో తిరుగుతున్నట్టు ఉంటుంది. ఆ గొంతును పట్టుకుని ఒక పల్లవి మొత్తం వినగలిగితే, మూడు గొంతులు కలిసి ఒకటిగా మోగడానికి కారణం తెలుస్తుంది. భక్తిగీతాలను నలుగురు కలిసి పాడేటప్పుడు బాంజోను, ఫిడేలును పక్కన పెట్టి గిటారు, మాండొలిన్‌లతో సరిపెట్టుకోవడం కూడా ఈ సంప్రదాయంలో తరచుగా కనిపిస్తుంది.

వేగం గురించి ఒక మాట అవసరం. బ్లూగ్రాస్ అంటే వేగమేనన్న అభిప్రాయం సభల్లో బలంగా ఉంది. దాన్ని తృప్తిపరచడానికి కొన్ని యువ బృందాలు ప్రతి పాటనూ పరుగు పందెం చేస్తున్నాయి. వేళ్ళ చురుకుదనం మెచ్చదగినదే అయినా, వెనక చాప్ గాలిలో తేలిపోతూ, బాస్ ఆయాసపడుతూ ఉంటే ఆ చురుకుదనం వల్ల ప్రయోజనం తక్కువ. చాప్‌ను వినే అలవాటున్న శ్రోత ఇటువంటి మెరుపులకు మోసపోడు.

ఈ వాద్యాలు భారతీయ సంగీతంతో కలిసిన సందర్భాలు కూడా ఉన్నాయి. న్యూయార్క్‌లో పుట్టి బాంజో మీద కొత్త దారులు వేసిన బేలా ఫ్లెక్, తన మై బ్లూగ్రాస్ హార్ట్ ఆల్బమ్‌తో 2022లో ఉత్తమ బ్లూగ్రాస్ ఆల్బమ్ గ్రామీని పొందారు. ఆయనే జాకిర్ హుస్సేన్ తబలాతో, ఎడ్గర్ మేయర్ బాస్‌తో, రాకేష్ చౌరాసియా వేణువుతో కలిసి 2023లో యాజ్ వుయ్ స్పీక్ ఆల్బమ్‌ను వెలువరించారు. దానికి 2024లో రెండు గ్రామీ పురస్కారాలు దక్కాయి. కాలాన్ని నడిపే బాధ్యత తబలా తీసుకున్నప్పుడు బాంజో ఎక్కడ తప్పుకుంటున్నదో, తప్పుకుని ఏమి చేస్తున్నదో వినడం తెలుగు శ్రోతకు ఈ సంగీతంలోకి ప్రవేశించడానికి సులువైన దారి.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఈ కచేరీలు దూరమేమీ కాదు. ఉత్తర కరోలినాలో తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడిన రాలీ, కేరీ ప్రాంతంలో 2013 నుంచి 2024 వరకు అంతర్జాతీయ బ్లూగ్రాస్ సంఘం ఏటా ఉత్సవం జరిపింది. నగరం నడిబొడ్డున వీధుల్లోనే వేదికలు వేసేవారు. అదే రాష్ట్రంలో 1988 నుంచి డాక్ వాట్సన్ కుమారుడి స్మృతిలో మెర్ల్‌ఫెస్ట్ జరుగుతోంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ పార్కులో హార్డ్‌లీ స్ట్రిక్ట్‌లీ బ్లూగ్రాస్ ఉత్సవానికి టికెట్టే లేదు. ఇటువంటి చోట్లకు వెళ్ళేవారు మడత కుర్చీ తీసుకుపోవడం, పొద్దున్నే వెళ్ళి చోటు చూసుకోవడం, బ్రేక్ ముగిసినప్పుడు పాట మధ్యలోనైనా చప్పట్లు కొట్టడం అక్కడి మర్యాదలు. చప్పట్లు బ్రేక్ నడుస్తుండగా కాక ముగిశాక కొడితే తరువాతివారి తొలి స్వరాలు మునిగిపోతాయన్న చిక్కు ఉన్నా, అలవాటు మాత్రం అదే.

ఉత్సవంలో అసలు వేదికకు బయట, గుడారాల మధ్య, కార్లు నిలిపే మైదానంలో, రాత్రి పొద్దుపోయేదాకా వాద్యకారులు వలయాలుగా నిలబడి వాయించుకుంటూ ఉంటారు. వీటిని జామ్ అంటారు. పేరున్న విద్వాంసులు సైతం తమ కచేరీ అయ్యాక వచ్చి చేరడం కద్దు. బ్రేక్ ఒకరి నుంచి పక్కవారికి వలయం చుట్టూ సాగుతుంది. బ్రేక్ వాయించడం రానివారు తల అడ్డంగా ఊపి పక్కవారికి వదిలివేయవచ్చు, అందులో చిన్నతనం లేదు. గిటారు నేర్చుకుంటున్న తెలుగు యువతీయువకులెవరైనా అటువంటి జామ్‌లో చేరదలిస్తే, మొదట లోపలి వలయానికి వెనక రెండవ వరసలో నిలబడి, అనుభవమున్న గిటారు వాద్యకారుని ఎడమచేతిని చూస్తూ, కార్డ్ అనే స్వరాల గుత్తి ఎప్పుడు మారుతున్నదో పట్టుకుంటూ, తన గిటారును మాండొలిన్ చాప్ కన్నా తగ్గుస్థాయిలో వాయించాలి. పక్కవారి గొంతు వినిపించకపోతే తాను ఎక్కువగా వాయిస్తున్నట్టు లెక్క. అలా రెండు మూడు పాటలు దెబ్బ తప్పకుండా తోడు వాయించినవారిని లోపలివారే గమనించి, కాస్త జరిగి, ముందు వరసలోకి రమ్మని తల ఊపుతారు.